చిరునామాలు మారడం కూడా కథే

సంపాదకులకు నమస్కారం.

చదువు ముగిసి ఇంకా స్థిరపడని వయసు మీద వచ్చిన చిన్న సినిమాల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో ఒక వ్యాసం ప్రచురించారు. వ్యాసకర్త ముఖ్యంగా ‘ఫ్రాన్సెస్ హా’ అనే అమెరికన్ హాస్యచిత్రాన్ని తీసుకొని, విమర్శకులు దాన్ని నెత్తిన పెట్టుకోవడం తమకు అంతుబట్టలేదని, అందులో కథ అనదగినది ఏదీ లేదని, ఇరవై ఏడేళ్లు వచ్చినా బాధ్యత తెలియని మనిషిని ముద్దుగా చూపించారని, అది కడుపు నిండినవాళ్ల దిగులే తప్ప మన జిల్లాల పిల్లలకు అక్కరకు వచ్చేది కాదని తేల్చారు. పనిలో పనిగా, పేరు చివర ఉన్న ‘హా’ నవ్వుకు గుర్తు అని కూడా రాశారు. ఈ చివరి మాట పొరపాటు. చిన్న పొరపాటే కాబట్టి ఊరుకుందామనుకున్నాను గాని, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో గమనించి ఉంటే కథ లేదన్న మాట వ్యాసకర్త కలం నుంచి అంత తేలిగ్గా వచ్చేది కాదని నాలుగు రోజులుగా నాకు అనిపిస్తూనే ఉంది. అందుకే ఈ లేఖ.

నేను తెలుగు అధ్యాపకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. అనంతపురంలో ఆర్ట్స్ కాలేజీకి కొంచెం దూరంలో ఉన్న మా ఇంటి మేడ మీద నాలుగేళ్లుగా ఒక స్టడీ హాల్ నడుపుతున్నాను. ముప్పై రెండు కుర్చీలు, ప్రతి కుర్చీకి చెక్కలతో మూడు వైపులా అడ్డు కట్టిన చిన్న బల్ల, ఒక ట్యూబ్‌లైటు, ఒక ప్లగ్గు ఉంటాయి. కళ్యాణదుర్గం, రాయదుర్గం, కదిరి, తాడిపత్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ గదులు తీసుకొని ఉంటున్న పిల్లలు ఉదయం ఆరింటికి వచ్చి రాత్రి పదింటికి వెళతారు. డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు, రైల్వే, పోలీసు ఉద్యోగాలు, ఏ నోటిఫికేషన్ వస్తే దానికి చదువుతారు. ఈ సినిమా మన జిల్లాల పిల్లలకు సంబంధించింది కాదన్న వాక్యం చదివినప్పుడు నా కళ్ల ముందు మెదిలింది ఈ ముప్పై రెండు కుర్చీలే.

సినిమా చూడని పాఠకుల కోసం కొంత చెప్పాలి. దీని దర్శకుడు నోవా బామ్‌బాక్. తర్వాతి కాలంలో ‘బార్బీ’ తీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గ్రెటా గెర్విగ్ ఆయనతో కలిసి రచన చేసి, ఫ్రాన్సెస్‌గా నటించారు. నిడివి 86 నిమిషాలు. మొత్తం నలుపు తెలుపు. పెద్ద కెమెరాలతో కాకుండా, మన పెళ్లిళ్లకు ఫొటోగ్రాఫర్లు తెచ్చే తరహా డిజిటల్ కెమెరాతో, తక్కువమంది బృందంతో న్యూయార్క్ వీధుల్లో తీశారు. 2012 సెప్టెంబరులో టెల్యురైడ్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించి, 2013 మేలో అమెరికాలో విడుదల చేశారు. అక్కడి విమర్శకుల్లో ఎక్కువమంది మెచ్చుకున్నారు, గెర్విగ్‌కు గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ దక్కింది.

మెచ్చుకున్నవారు ఎలా మెచ్చుకున్నారన్నది చూడదగిన విషయం. నేను చదివిన సమీక్షల్లో చాలావరకు, ఈ సినిమా ఏయే పాత సినిమాలను గుర్తు చేస్తుందన్న లెక్కతోనే సరిపోయింది. 1960ల నాటి ఫ్రెంచ్ యువ దర్శకుల కొత్త తరహా సినిమా, అంటే ఫ్రెంచ్ న్యూవేవ్ ఛాయలు ఉన్నాయన్నారు, అది నిజమే, ఆ కాలపు సంగీతకర్త జార్జ్ డెలర్యూ బాణీలనే ఇందులో వాడుకున్నారు. ‘మన్‌హాటన్’ లాంటి నలుపు తెలుపు న్యూయార్క్ సినిమా పోలికలు ఉన్నాయన్నారు. నాయిక అమాయకత్వం ముచ్చటగా ఉందన్నారు. నచ్చనివారు, ఇది బాగా చదువుకున్న తెల్లజాతి పిల్లల సుఖమైన కష్టమని తోసిపుచ్చారు. మీ వ్యాసకర్త ఈ రెండో వరుసలో నిలబడ్డారు. మొదటి వరుసవారు పోలికలు చూశారు, రెండో వరుసవారు పుట్టుక చూశారు, ఆ అమ్మాయి అద్దె ఎలా కడుతోందని మాత్రం చాలా తక్కువమంది అడిగారు. సినిమా అంతా అడుగుతున్నది ఆ ప్రశ్నే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇందులో కథ నడిచే తీరు వ్యాసకర్తకు ఎందుకు కనబడలేదో నాకు అర్థం కాలేదు. తెర మీద ఎప్పటికప్పుడు ఒక చిరునామా పడుతుంది. ఫ్రాన్సెస్ మకాం మారినప్పుడల్లా ఆ కొత్త చిరునామా అక్షరాల్లో కనబడి, ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగే ఘట్టం మొదలవుతుంది. మొదట బ్రూక్లిన్‌లో ప్రాణ స్నేహితురాలు సోఫీతో కలిసి ఉంటుంది. సోఫీ ఇంకా మంచి పేటలో ఇల్లు చూసుకొని వెళ్లిపోవడంతో ఫ్రాన్సెస్ చైనాటౌన్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఉంటున్న వాటాలో చేరుతుంది. ఆమె ఒక నాట్య బృందంలో శిక్షణార్థి స్థాయిలో ఉంది, పూర్తి సభ్యురాలు కాలేదు. క్రిస్మస్ ప్రదర్శనలో చోటు దొరుకుతుందని, ఆ డబ్బుతో అద్దె గడుస్తుందని లెక్క వేసుకుంటే, ఈసారికి నీ అవసరం లేదంటారు. అద్దె లేక ఆ వాటా ఖాళీ చేస్తుంది. శాక్రమెంటోలో తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి వస్తుంది. పరిచయస్థురాలి ఇంట్లో కొన్నాళ్లు తలదాచుకుంటుంది. అప్పు మీద పారిస్ వెళ్లి, నిద్రలోనూ ఒంటరి నడకలోనూ రెండు రోజులు పోగొట్టుకొని తిరిగి వస్తుంది. తాను చదువుకున్న కళాశాలకే వెళ్లి, తనకంటే చాలా చిన్నవాళ్ల మధ్య హాస్టల్ గదిలో ఉంటూ వేసవి పనులు చేస్తుంది. చివరికి నగరం ఉత్తరపు అంచున వాషింగ్టన్ హైట్స్‌లో తన ఒక్కదానికే ఒక చిన్న ఇల్లు చూసుకుంటుంది.

ఒక మనిషి ఒక్కో ఇంటి గడప దాటినప్పుడల్లా చేతిలో డబ్బు, పక్కన మనిషి, మనసులో ధైర్యం ఎంత తగ్గాయో, చివర ఎంత తిరిగి వచ్చాయో ఇంత నిక్కచ్చిగా చెప్పినదాన్ని కథ లేదని ఎలా అనగలం? శత్రువు లేడు, పగ లేదు, గమ్యం ప్రకటించే సంభాషణ లేదు. ఇల్లు మారడం ఉంది. అద్దె ఇళ్లలో బతికినవాడికి అది ఎంత పెద్ద సంఘటనో వేరే చెప్పనక్కరలేదు.

మా పిల్లలు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపేటప్పుడు కొన్నిసార్లు నా కంప్యూటరే వాడుకుంటారు. అందులో రెండు గళ్లు ఉంటాయి, ఒకటి శాశ్వత చిరునామా, రెండోది ఉత్తర ప్రత్యుత్తరాల చిరునామా. మొదటి గడిలో ఊరు, మండలం, తండ్రి ఇంటి నంబరు చకచకా రాస్తారు. రెండో గడి దగ్గరికి వచ్చేసరికి ఆగుతారు. గది మారుదామనుకుంటున్నాను, ఏది రాయమంటారు సార్, అని అడుగుతారు. కొందరు మా స్టడీ హాల్ చిరునామానే ఇచ్చారు. రెండేళ్ల కిందట వెళ్లిపోయినవాళ్ల పేరున కూడా ఉత్తరాలు మా గేటుకు వస్తుంటాయి. ఫ్రాన్సెస్ జీవితంలో శాక్రమెంటో మొదటి గడి, మిగిలినవన్నీ రెండో గడి. ఈ సినిమా రెండో గడిలో రాయవలసిన దాని గురించి తీసిన సినిమా అని నేను వ్యాసకర్తకు వినయంగా మనవి చేస్తున్నాను.

గత సంక్రాంతికి ఊళ్లకు వెళ్లనివాళ్లు ఆరుగురు మిగిలిపోయారు. బస్సు చార్జీలు లేక ఉండిపోయినవాళ్లు కారు. పండక్కి ఊరు వెళితే రచ్చకట్ట దగ్గర, చిన్నాన్నల ఇంట్లో, చివరికి కొట్టు దగ్గర కూడా ఒకే పలకరింపు వినాలి, “ఏం చేస్తాండావప్పా ఇప్పుడు?” అడిగేవాళ్లలో కీడు తలచేవాడు ఒక్కడూ ఉండడు. అయినా ఆ ప్రశ్నకు జవాబు లేనివాడికి పండగ పూట అన్నం సహించదు. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో ఓళిగలు తిన్నాక, నా కూతురు ఎప్పుడో చెప్పిన ఈ సినిమాను టీవీలో పెట్టాను. ఇంగ్లీషు వేగంగా పోతున్న చోట్ల ఆపి, తెలుగులో చెబుతూ వచ్చాను.

ఒక విందులో, బాగా స్థిరపడిన జంటల మధ్య కూర్చున్న ఫ్రాన్సెస్‌ను, నువ్వు ఏం చేస్తుంటావని అడుగుతారు. అది వివరించడం కష్టమంటుంది ఆమె. చేసే పని అంత చిక్కైనదా అని ఎదుటివాళ్లు అంటే, కాదు, ఆ పనిని నేను నిజంగా చేయడం లేదు కాబట్టి, అన్న అర్థంలో జవాబిస్తుంది. నేను దాన్ని తెలుగులో చెప్పగానే అందరూ పెద్దగా నవ్వారు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. బీఈడీ చేసి ఏడేళ్లు నిండిన ఒక అమ్మాయి, ఇంకొకసారి వెనక్కి తిప్పండి సార్, అంది. తిప్పాను. రెండోసారి చూసేటప్పుడు ఆమె తెరను చూడకుండా, ఒడిలో ఉన్న పళ్లెం అంచును గోటితో గీస్తూ, మాటలు మాత్రం వింటూ కూర్చుంది. ఈ సినిమా మన జిల్లాల పిల్లలకు సంబంధం లేనిదన్న నిర్ణయానికి వచ్చే ముందు వ్యాసకర్త ఒక్క పూట మా మేడ మీదికి వచ్చి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

ఆ అమ్మాయికి ఏడేళ్లు ఎందుకు పట్టాయో కూడా చెప్పాలి, ఎందుకంటే ‘బాధ్యత తెలియని వయసు’ అన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధ పెట్టింది. 2018 నాటి డీఎస్సీ తర్వాత మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో 6,100 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన వచ్చింది. అది రద్దయింది. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. 2018లో ఇరవై మూడేళ్లున్న అభ్యర్థికి అప్పటికి ముప్పై ఏళ్లు నిండాయి. ఈ మధ్య కాలంలో ఆ అభ్యర్థి ప్రైవేటు బడిలో కొన్ని నెలలు పాఠం చెప్పి ఉండవచ్చు, చీరల దుకాణంలో లెక్కలు రాసి ఉండవచ్చు, పుస్తకాలన్నీ అటక మీద పెట్టి మళ్లీ దించి ఉండవచ్చు. బయటి నుంచి చూసేవాడికి అది గాలికి తిరగడంలాగే కనబడుతుంది. చోటు వస్తుందని చెప్పి, రాలేదని చెప్పి, కొంచెం ఆగమని చెప్పేవాళ్ల చేతుల్లో కాలం ఉన్నప్పుడు, ఆగినవాళ్లను సోమరులని పిలవడం అన్యాయం. ఫ్రాన్సెస్ విషయంలోనూ క్రిస్మస్ ప్రదర్శన జరిగే తీరు సరిగ్గా ఇదే. ఆమెను ఎవరూ వెళ్లగొట్టరు. వచ్చేసారి చూద్దామంటారు.

ఆమె మా పిల్లలంత కష్టంలో లేదన్న మాట ఒప్పుకుంటాను. వెళ్లి పడుకోవడానికి తల్లిదండ్రుల ఇల్లు ఉంది, విమానం టికెట్‌కు అప్పు పుట్టింది. అయితే ఆ ఎత్తిపొడుపు సినిమాకు బయటి నుంచి తేనక్కరలేదు. నేను పేదదాన్నని ఫ్రాన్సెస్ అన్నప్పుడు, అలా అనడం నిజమైన పేదవాళ్లను అవమానించడమేనని పక్కనున్న స్నేహితుడే తెర మీద మందలిస్తాడు. విమర్శకుడు కనిపెట్టానని అనుకున్న లోపాన్ని రచయితలు ముందే చూసి, పాత్ర నోట చెప్పించారు. పన్ను వాపసు డబ్బు రాగానే సంబరపడి ఒక స్నేహితుణ్ని భోజనానికి తీసుకెళ్లి, తీరా అక్కడ కార్డు పనిచేయక, ఏటీఎం కోసం వీధుల వెంట పరుగెత్తి, మధ్యలో పడి మోచేయి చీరుకొని, ఆ రక్తం సంగతి కూడా గమనించకుండా తిరిగి వచ్చి కూర్చునే ఘట్టం ఒకటుంది. నవ్వు వస్తుంది. బిల్లు నేనే కడతానని ఒకసారి నోరు జారి, జేబు తడుముకున్న ప్రతివాడికీ ఆ నవ్వు వెనక ఏముందో తెలుసు.

మరొక సంగతి వ్యాసంలో అసలు రాలేదు. మన సినిమాల్లో దారి దొరకక తిరగడం మగపిల్లలకే ఉన్న హక్కు. నలుగురు కుర్రాళ్లు అరుగు మీద కూర్చొని కాలం గడిపితే దాన్ని స్నేహమంటాం, నవ్వుకుంటాం, చివర వాళ్లకు బుద్ధి వచ్చినా రాకపోయినా క్షమిస్తాం. తరుణ్ భాస్కర్ తీసిన ‘ఈ నగరానికి ఏమైంది’ నాకు ఇష్టమైన సినిమా. అది 2018 జూన్ 29న విడుదలై, సరిగ్గా ఐదేళ్లకు 2023లో అదే తేదీన మళ్లీ థియేటర్లకు వస్తే, మొదటిసారి చూసినవాళ్లూ అప్పటికి బడిలో ఉన్నవాళ్లూ కలిసి థియేటర్లు నింపారు. ఆ వయసు మీద వచ్చిన సినిమాకు మొదటి శుక్రవారం రాత్రి ఇచ్చిన మార్కులు చివరి తీర్పు కావని అప్పుడే తేలింది. అయితే అందులోనూ తిరిగినవాళ్లు నలుగురూ మగపిల్లలే.

ఆడపిల్ల ఇరవై ఏడేళ్లకు ఏ పనీ స్థిరపడకుండా ఉంటే మన దగ్గర దానికి ఒకే ముగింపు సిద్ధంగా ఉంటుంది. మా స్టడీ హాల్లో పదమూడు మంది అమ్మాయిలు ఉన్నారు. వాళ్లు పరీక్ష తేదీతో పాటు, ఇంట్లో ఇచ్చిన గడువును కూడా లెక్కపెట్టుకుంటారు. ఇంకొక్క నోటిఫికేషన్ చూస్తాను నాన్నా, అని ఫోన్‌లో బతిమాలుకోవడం మేడ మెట్ల మీద నేను ఎన్నోసార్లు విన్నాను. ‘ఫ్రాన్సెస్ హా’లో ప్రేమకథ నిజానికి ఇద్దరు స్నేహితురాళ్ల మధ్యనే నడుస్తుంది. సోఫీ పెళ్లి వైపు, స్థిరమైన ఇంటి వైపు వెళుతుంది. ఫ్రాన్సెస్‌కు ఆ దారి పరిష్కారంగా చూపించలేదు. చివర ఆమెకు వరుడు దొరకడు. నాట్య బృందం కార్యాలయంలో, గతంలో చిన్నతనంగా భావించి కాదన్న ఉద్యోగం చేస్తూ, తన సొంత నాట్య రచనను వేదిక మీద పెట్టుకుంటుంది. ఒక హాస్యచిత్రం ఒక అమ్మాయికి ఇంత సమయం ఇచ్చి, తొందరపెట్టకుండా, శిక్షించకుండా వదిలిపెట్టడం మన పాఠకురాళ్లకు చేరవలసిన విషయం. దాన్ని బాధ్యత లేకపోవడంగా కుదించి రాయడం వల్ల అది చేరకుండా పోయింది.

మీ పత్రికను నేను నలభై ఏళ్లుగా చదువుతున్నాను కాబట్టి చనువుతో రెండు కోరికలు కోరుతున్నాను. ఇలాంటి సినిమాలను సమీక్షించేటప్పుడు కథ ఉందా, నాయకుడి లక్ష్యం ఏమిటి, ద్వితీయార్ధం సాగిందా అన్న కొలతలు పక్కన పెట్టి, ఈ మనిషి ఎక్కడ పడుకుంటోంది, ఎలా తింటోంది, ఎవరి మాటకు కుంగిపోతోంది అని చూడమని మీ సమీక్షకులకు చెప్పండి. జిల్లాల్లో ఉన్న ఇరవై, ముప్పై ఏళ్ల పిల్లల చేత కూడా అప్పుడప్పుడు సమీక్షలు రాయించండి. తెలుగులో వస్తున్న చిన్న సినిమాలు కొన్ని మా ఊరి థియేటర్ల దాకా రావు, వచ్చినా ఒక్క ఆటతో సరిపెడతారు. అందువల్ల వాటి గురించి మాకు తెలిసేది మీ పత్రికలో వచ్చే ఆ నాలుగు వాక్యాల వల్లనే. ఆ నాలుగు వాక్యాల్లో ఒకటి ‘కథ లేదు’ అయితే, చూడవలసినవాళ్లు చూడకుండానే మిగిలిపోతారు.

ఇక పేరు సంగతి. చివరి ఘట్టంలో ఫ్రాన్సెస్ తన కొత్త ఇంటి తపాలా పెట్టెకు పెట్టడానికి ఒక కాగితం ముక్క మీద ఇంటిపేరుతో సహా తన పూర్తి పేరు రాసుకుంటుంది, ఫ్రాన్సెస్ హాలడే అని. ఆ పెట్టె మీద పేరుకు ఉన్న చోటు చిన్నది. కాగితం పట్టదు. ఆమె దాన్ని మడిచి లోపలికి తోస్తుంది. బయటికి కనబడేది ‘ఫ్రాన్సెస్ హా’ వరకే. సినిమా అక్కడ ముగుస్తుంది. మా స్టడీ హాల్లోనూ బల్ల అంచుకు ప్లాస్టిక్ పట్టీలు అంటించి, అందులో పేర్ల చీటీలు పెట్టుకోమంటాను. సంక్రాంతి నాడు విందు ఘట్టాన్ని వెనక్కి తిప్పమన్న అమ్మాయిది పొడవైన పేరు, ఇంటిపేరు ఇంకా పొడవు. ఇన్నాళ్లూ పొడి అక్షరాలతో సరిపెట్టుకున్నది, పండగ మర్నాడు కొత్త చీటీ మీద మొత్తం పేరు రాసి, పట్టనంత భాగం వెనక్కి మడిచి పెట్టుకుంది.

ఆ ‘హా’ నవ్వు కాదని, ఒక ఇంటిపేరులో పెట్టె మీద పట్టినంత భాగమని, వచ్చే ఆదివారం అనుబంధంలో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
అనంతపురం.